అక్కడ కాదండీ, ఇక్కడ

బావగారి హోటల్లో ఆకలేస్తే తినొచ్చు, దాహమేస్తే తాగొచ్చు, కోపమొస్తే అరవొచ్చు, ఏడుపొస్తే ఓ మూల కూర్చుని ఏడవొచ్చు కూడా. అయితే ఆ మూల ఏదో బావగారే చెప్పాలి. ఆ హోటల్లో ఎవరూ తమకి నచ్చిన చోట కూర్చోవడానికి వీల్లేదు. హాలు మొత్తం ఖాళీగా ఉన్నా సరే, పొద్దున్నే తలుపు తీయగానే వచ్చిన మొదటి మనిషైనా సరే, కిటికీ పక్కన ఎండ చూసి ముచ్చటపడి కుర్చీ లాక్కున్నాడా, భుజం మీద తువ్వాలుతో బావగారు ప్రత్యక్షమయ్యేవారు.

"అక్కడ కాదండీ, ఇక్కడ."

"ఇక్కడ కూర్చుంటే ఏం తప్పు?"

"మీ తప్పేం లేదండీ. తప్పంతా ఆ కుర్చీది."

ఆ హోటల్లో కుర్చీలకి రాని జబ్బు లేదు. ఒకదానికి నిన్నట్నుంచీ కాలు నొప్పి. ఒకదానికి నడుం పట్టేసింది. ఫలానా టేబుల్ ఇవాళ అలిగింది. ఫలానా మూలకి చెవుడు, అక్కడ కూర్చుని పిలిస్తే వినపడదు. బయట కుండపోతగా వాన కురుస్తుంటే కూడా "అక్కడ ఎండ కొడుతుందండీ, మాడిపోతారు" అని జనాన్ని లేపిన ఘనుడు ఆయన. కొత్తగా వచ్చినవాళ్ళు ఊరుకోరుగా. వంగి కుర్చీ కాళ్ళు పట్టి ఊపి చూసేవాళ్ళు.

"గుండ్రాయిలా ఉంది కదండీ!"

"పైకి అలాగే కనిపిస్తుందండీ. లోపల దాని బాధ దానిది."

ఇంత జాలిగా చెబితే ఎవరు మాత్రం కూర్చుంటారు? లేచి, ఆయన చూపించిన చోటికి వెళ్ళేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ ఆ కుర్చీని ఓసారి నిమిరి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

నిజానికి ఆయన బావ అయింది ఒక్క మనిషికే. ఆ మనిషి ఆ హోటల్ వంటవాడు, బావగారి భార్యకి స్వయానా తమ్ముడు. వంటగదిలోంచి అతను రోజంతా "బావా, సూప్ రెడీ!", "బావా, రొట్టె అయిపోయింది!" అని కేకలు పెడుతుంటే, విని విని వచ్చేపోయేవాళ్ళంతా చివర 'గారు' తగిలించి అదే పిలుపు ఖాయం చేశారు. బీటు పోలీసుకీ ఆయన బావగారే, పేపర్లేసేవాడికీ బావగారే. ఆయన తల్లి కంటే పెద్ద వయసు ముసలావిడ కూడా "బావగారూ, టీలో కాస్త పంచదార తగ్గించండి" అనేది. అదే లెక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయన భార్య వీధి వీధంతటికీ అక్క అయింది. వంటవాడు తమ్ముడయ్యాడు. తన కొడుకు వయసువాళ్ళు కూడా "తమ్ముడూ, రెండు ఆమ్లెట్లు" అని కేకేస్తుంటే మొదట్లో అతను నల్లటి మీసం దువ్వుకుంటూ ఉడుక్కునేవాడు. తర్వాత మీసమూ తెల్లబడింది, ఉడుకూ చల్లారింది.

వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఓ చిన్న కిటికీ ఉండేది. నిండు పళ్ళాలు అందులోంచి బయటికి వెళ్ళేవి, ఖాళీ పళ్ళాలు లోపలికి వచ్చేవి. తమ్ముడి లోకమంతా ఆ కిటికీయే. గిన్నెల ఆవిరిలోంచి చూస్తే హాలు నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. మనుషులు నెమ్మదిగా ఈదుకుంటూ లోపలికి వచ్చేవాళ్ళు. బావగారు తువ్వాలు ఊపుతూ వాళ్ళని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మళ్ళించేవారు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, గరిటె తిప్పుతూ తిప్పుతూ తమ్ముడు నిలబడే కునుకు తీసేవాడు. కళ్ళు తెరిస్తే ఏది కలో ఏది నిజమో వెంటనే తేలేది కాదు. రెంటిలోనూ బావగారు ఎవరినో కుర్చీలోంచి లేపుతూనే ఉండేవారు మరి.

"మీ ఆయనకి పిచ్చే అక్కా," అనేవాడు తమ్ముడు. "డబ్బిచ్చి తినేవాళ్ళని గొర్రెల్లా తోలతాడు. ఇంకో హోటలైతే ఈపాటికి కొట్టేవాళ్ళు."

"నాకు కొత్తా? మొదటిసారి మనింటికి వచ్చిన రోజున నాన్ననే పడక్కుర్చీలోంచి లేపి బల్ల మీద కూర్చోబెట్టారు. అక్కడ గాలి బాగా వస్తుందని. నాన్న పాపం, తన సొంతింట్లో తనే చుట్టంలా కూర్చున్నాడు."

"మరి ఆ రోజే వద్దనకపోయావా?"

"అందామనే అనుకున్నాను. ఈలోగా నన్ను కూడా జరగమన్నారు. జరిగాను. అంతే," అని అక్క నవ్వేసేది.

ఆ హోటల్‌కి రోజూ తప్పకుండా వచ్చేవాళ్ళలో ఇద్దరు టైలర్లున్నారు. అన్నదమ్ములు. పెద్దాయన కోట్లు కుడతాడు గనక కోట్లాయన. కోటీశ్వరుడేమీ కాదు, కోట్ల జేబులు కుట్టడమే తప్ప తన జేబు నింపుకోవడం తెలియని మనిషి. చిన్నాయన ప్యాంట్లు కుడతాడు గనక ప్యాంట్లాయన. పక్క వీధిలో ఒకే కొట్లో, ఒకే రేడియో కింద ఇద్దరూ చక్కగా కుట్టుకుంటూ ఉండేవాళ్ళు. ఓ రోజు ప్యాంట్లాయన కళ్ళు మూసుకుని పాట వింటుంటే, చరణం మధ్యలో కోట్లాయన వార్తలకి మార్చాడు. చిన్నాయన పాటకి తిప్పాడు. పెద్దాయన వార్తలకి తిప్పాడు. రేడియో తిప్పుడు కాస్తా మాటల్లోకి దిగి, తాతలదాకా పోయింది. మర్నాటికి కొట్టు మధ్యలో ప్లైవుడ్డు గోడ లేచింది. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. దాని ఫలితం ఊరు అనుభవించింది. సూటు కుట్టించుకునేవాడు కోటు గుడ్డ ఇటు, ప్యాంటు గుడ్డ అటు ఇచ్చుకోవాలి. ఒకరు కుడుతున్న రంగు ఇంకొకరు అడగరు. చుట్టుపక్కల మగాళ్ళందరూ పైన ఒక రంగు, కింద ఒక రంగు వేసుకుని తిరిగేవాళ్ళు. పై ఊరివాళ్ళు అది ఇక్కడి ఫ్యాషననుకుని, తమ టైలర్ల దగ్గరికి వెళ్ళి అలాగే కుట్టమని అడిగారట!

గొడవైన కొత్తలో ఆ ఇద్దరిలో ఒకరు హోటల్లో ఉంటే రెండోవారు గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవారు. బావగారు కోట్లాయన్ని కిటికీ దగ్గర, వీధి వైపు మొహం పెట్టి కూర్చోబెట్టారు. ప్యాంట్లాయన్ని ఆ చివర కుళాయి దగ్గర, గోడ వైపు మొహం పెట్టి కూర్చోబెట్టారు. మధ్యలో టేబుళ్ళ బారు. ఇద్దరికీ రెండోవాడి ఉనికి తెలియదు, తెలిసినా తెలియనట్టు ఉండొచ్చు. కొన్నేళ్ళు పోయాక బావగారు వాళ్ళని జరపడం మొదలుపెట్టారు. ఓ చలికాలం "కిటికీలోంచి ఈదురుగాలి, మీకసలే దగ్గు" అని కోట్లాయన్ని ఒక టేబుల్ ఇవతలికి తెచ్చారు. ఇంకో ఏడాది "కుళాయి కారుతోంది, ప్యాంటు తడుస్తుంది" అని ప్యాంట్లాయన్ని ఒక టేబుల్ ఇటు తెచ్చారు. తమ్ముడికి ఒళ్ళు మండేది.

"ఇన్నాళ్ళూ కారని కుళాయి ఇవాళెందుకు కారింది బావా?"

"దానికి మాత్రం వయసు మీదపడదురా?"

ఇలా సాగుతుండగా వీధి మారడం మొదలైంది. ముందు హోటల్‌కి ఎదురుగా అద్దాల మేడ ఒకటి లేచింది. దాంతో ఆ వీధికి సూర్యుడు రోజుకి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. పొద్దున అసలు సూర్యుడు, మధ్యాహ్నం దాటాక అద్దాల్లోంచి అద్దె సూర్యుడు. అద్దె వెలుగు పడ్డప్పుడు హాల్లో ప్రతి మనిషికీ రెండు నీడలుండేవి. గ్లాసులోని నీళ్ళు టేబుల్ మీద బంగారు చేపల్లా కదిలేవి. తమ్ముడు గరిటె ఆపి చూస్తూ ఉండిపోయేవాడు. తర్వాత, కలలో పళ్ళు ఊడినట్టు, నొప్పీ నెత్తురూ లేకుండా ఒక్కొక్క కొట్టూ ఊడిపోసాగింది. పాదరక్షల కొట్టు పోయింది. పూల కొట్టు పోయింది. చెరో చివరా ఉన్న రెండు టీ హోటళ్ళూ పోయాయి. ఒక రోజు ఫైలు చేత్తో పట్టుకుని కంపెనీ మనిషి బావగారి హోటల్‌కి వచ్చాడు. దగ్గరున్న కుర్చీలో కూర్చోబోయాడు.

"అక్కడ కాదండీ, ఇక్కడ."

ఆ మనిషి జరిగాడు.

"ఉహూ, ఇది కూడా కాదు. దీనికి ఇవాళ మనసు బాలేదు. అటు పదండి."

మూడో కుర్చీకి చేరేసరికి వచ్చిన పనేమిటో ఆయనకే సరిగా గుర్తులేదు. సూప్ తాగాడు. రొట్టె తిన్నాడు. బాగుందన్నాడు. చెయ్యి కడుక్కున్నాక గుర్తొచ్చింది.

"ఈ వరసంతా మా కంపెనీ కొనేసిందండీ. వానాకాలం వచ్చేలోగా ఖాళీ చేయాలి."

అక్క చేతిలో చిల్లర అలాగే ఉండిపోయింది. తమ్ముడు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. బావగారు మాత్రం హాలంతా ఓసారి కలయజూసి, ఏదో లెక్కేసుకుని అన్నారు.

"ఇంకొంచెం గడువు కావాలండీ. ఇంకా రెండు టేబుళ్ళ దూరం మిగిలింది."

"దూరమేంటి? మీరు టైము అడుగుతున్నారా, జాగా అడుగుతున్నారా?"

"నాకు రెండూ ఒకటేనండీ."

కంపెనీ మనిషి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు కణత దగ్గర వేలు తిప్పి చూపించాడు. "అలాగా పాపం" అన్నట్టు తల ఊపి ఆ మనిషి వెళ్ళిపోయాడు. గడువు మాత్రం రాలేదు.

ఆ వారంలోనే బావగారికి జ్వరం తగిలింది. హోటల్ తెరిచిన నాటి నుంచీ ఆయన లేని రోజు అదే మొదటిది. అక్క గల్లాపెట్టెనీ పొయ్యినీ తనే చూసుకుంటానంది. తమ్ముడు ఏప్రన్ విప్పి, మీసం దువ్వి, హాలు మధ్యలో నిలబడి ప్రకటించాడు.

"అయ్యలారా, అమ్మలారా! ఇవాళ మీ ఇష్టం. ఎవరికి ఎక్కడ నచ్చితే అక్కడ కూర్చోండి. కుర్చీలన్నిటికీ జబ్బులు తగ్గిపోయాయి!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చల్లారేలోగానే తమ్ముడి సంబరం కూడా చల్లారింది.

వాచీలు బాగుచేసే పెద్దాయన ఉత్సాహంగా వచ్చి అందరి మధ్యా కూర్చున్నాడు. బావగారు ఆయన్ని ఎప్పుడూ గోడవైపు తిప్పి, "ఆ క్యాలెండర్ బొమ్మ చూడండి, ఎంత బాగుందో" అని కూర్చోబెట్టేవారు. ఏళ్ళ తరబడి అదే బొమ్మ. సూప్ రాగానే పెద్దాయన చెంచా ఎత్తాడు. చెయ్యి వణికింది. సూప్ నోటిదాకా వెళ్ళకుండానే టేబుల్ మీద పడింది. పక్కవాళ్ళు మర్యాదకి చూపు తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడం ఆయన చూశాడు. చెంచా పక్కన పెట్టేసి, ఆకలిగా లేదన్నాడు. పోయిన నెలలోనే ఆయన కొట్టు ఎందుకు మూసేశాడో తమ్ముడికి అప్పుడు అర్థమైంది.

డ్యూటీ దిగి వచ్చే నర్సమ్మ, స్వేచ్ఛ వచ్చింది కదా అని గుమ్మం ఎదురుగా కూర్చుంది. వచ్చిన ప్రతివాడూ ఆమెకి తన మోకాళ్ళ నొప్పి చెప్పాడు. రోజూ బావగారు "ఇక్కడ ఫ్యాను తిరగదు, అయినా సర్దుకోండి" అని తోసే చీకటి మూలలో ఆమె గోడకి తల ఆనించి ఓ కునుకు తీసి వెళ్ళేది. ఆ రోజు కళ్ళు ఎర్రగా చేసుకుని వెళ్ళింది.

చివరికి సంగీతం టీచరమ్మ వచ్చింది. ఆవిడా, భర్తా ఎన్నో ఏళ్ళు స్తంభం పక్క టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగేవాళ్ళు. ఆయన పోయాక ఆవిడ ఎప్పుడు వచ్చినా బావగారు "అక్కడ చీమలండీ" అని గుమ్మంలోనే ఆపి, కిటికీ దగ్గర పిల్లల తల్లులు కూర్చునే టేబుల్‌కి తీసుకెళ్ళేవారు. ఆ రోజు ఆపేవాళ్ళు లేరు. ఆవిడ కాళ్ళు అలవాటుగా స్తంభం వైపు నడిచాయి. కూర్చుంది. ఎదురు కుర్చీ వైపు చూస్తూ "రెండు టీలు" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది. తమ్ముడు రెండు టీలూ తెచ్చి పెట్టాడు. ఆవిడ కాసేపు వాటి ఆవిరి చూసి, ముట్టుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

తమ్ముడు ఆ టేబుల్‌ని వంగి వంగి వెతికాడు. ఒక్క చీమ లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి బావగారి మంచం పక్కన కూర్చున్నాడు.

"బావా, స్తంభం పక్క టేబుల్ మీద నిజంగా చీమలున్నాయా?"

"ఉన్నాయిరా. నల్ల చీమలు."

"ఇవాళ చూశాను. లేవు."

"నాతోపాటే సెలవు పెట్టుంటాయి." బావగారు దుప్పటి మీదికి లాక్కుని అటు తిరిగారు. గోడతో మాట్లాడుతున్నట్టు అడిగారు. "టీచరమ్మ వచ్చిందా?"

"వచ్చింది."

"టీ తాగిందా?"

తమ్ముడు ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దాడు. మర్నాడు జ్వరం పూర్తిగా తగ్గకుండానే తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. అక్క వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. టీచరమ్మ ఆ వైపు రాగానే, ఆయన నోరు తెరిచేలోపు వంటగది కిటికీలోంచి కేక వినిపించింది.

"అక్కడ కాదు టీచరమ్మా, చీమలు! చేటలకొద్దీ ఉన్నాయి! పొద్దుట్నుంచీ ఊడుస్తూనే ఉన్నాను!"

బావగారు కిటికీ వైపు ఓసారి చూశారు. తువ్వాలు సర్దుకున్నారు.

హోటల్ సామాను అమ్మకం మొదలైంది. పాత ఫర్నిచర్ కొనేవాడు రోజుకొకసారి బండి వేసుకుని వచ్చేవాడు. బావగారు ఖాళీగా ఉన్న టేబుళ్ళ జోలికి పోరు. మనిషి కూర్చున్న టేబులే అమ్మేవారు. అది కూడా ఆ ఇద్దరు టైలర్లలో ఎవరో ఒకరు తింటున్నదే. మొదటిసారి కోట్లాయన సూప్ గిన్నె చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన ముందు నుంచి టేబుల్ వెళ్ళిపోయింది.

"ఇదేం పద్ధతి బావగారూ? తినేదాకా ఆగలేరా?"

"దీనికి మంచి సంబంధం కుదిరిందండీ. వెంటనే పంపకపోతే చెడిపోతుంది. ఇలా ఇటు జరగండి."

రెండు రోజులు పోయాక ప్యాంట్లాయన వంతు. రొట్టె ముక్క నోట్లో ఉండగానే టేబుల్ బండెక్కింది. ఆయన ఇటు జరిగాడు. తమ్ముడు ఆవిరిలోంచి చూస్తున్నాడు. ఒకరు అటు నుంచి, ఒకరు ఇటు నుంచి, నిద్రలో నడిచేవాళ్ళలా తమకి తెలియకుండానే దగ్గరవుతున్నారు. మధ్యలో హోటల్లోకెల్లా పొడుగాటి టేబుల్ ఒక్కటే అలాగే ఉంది. గరిటె తిప్పుతున్న తమ్ముడి చెయ్యి ఆగిపోయింది. రెండు టేబుళ్ళ దూరం! ఈయన కంపెనీ మనిషిని అడిగిన గడువు ఇందుకా?

"బావా, ఇలా రా," అని కిటికీ దగ్గరికి పిలిచాడు. "కోట్లాయన్నీ ప్యాంట్లాయన్నీ ఎన్నేళ్ళుగా జరుపుతున్నావు?"

"నేను జరపడమేంటిరా? కుళాయి కారింది, జరిగారు. గాలొచ్చింది, జరిగారు."

"అబద్ధాలాడితే అన్నం పుట్టదు."

"అందుకేగా హోటల్ మూసేస్తున్నాం," అని బావగారు వెళ్ళిపోయారు.

ఆఖరి రోజు పొద్దున వంటగదిలో పెద్ద గొడవైంది. పొయ్యి మీద సూప్ ఉడుకుతోంది. బావగారు వచ్చి మెల్లగా చెవిలో చెప్పారు.

"ఇవాళ సూప్‌లో ఉప్పు వెయ్యకు."

"ఏంటీ?"

"ఒక్క పలుకు కూడా వద్దు."

తమ్ముడు గరిటె కింద పెట్టాడు. "చూడు బావా. ఇన్నేళ్ళు నువ్వు కుర్చీలకి జ్వరాలు తెప్పించావు, భరించాను. టేబుళ్ళకి సంబంధాలు చూశావు, భరించాను. చీమల దగ్గర నీకు తోడు అబద్ధం కూడా ఆడాను. కానీ ఇది నా వంట. ఆఖరి రోజున ఉప్పు లేని సూప్ పోస్తే జనం ఏమనుకుంటారు? ఉప్పు కొనే గతి లేక మూసేశారనుకుంటారు!"

"అనుకోనీరా."

"నా పరువో?"

"నీ పరువు ఇన్నేళ్ళూ తిన్నవాళ్ళ నాలుకల మీద ఉంది. ఒక్క పూటకి ఎక్కడికీ పోదు."

తమ్ముడు ఉప్పు డబ్బా వైపూ బావ మొహం వైపూ మార్చి మార్చి చూశాడు. తర్వాత డబ్బా తీసి బావగారి చేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉంచుకో. నా చెయ్యి ఊరుకోదు" అన్నాడు.

మధ్యాహ్నానికి హాలు కిక్కిరిసింది. తక్కిన టేబుళ్ళూ కుర్చీలూ ముందురోజు రాత్రే బండెక్కాయి. మిగిలింది పొడుగాటి టేబులొక్కటి, ఎదురెదురుగా రెండే రెండు కుర్చీలు. తక్కినవాళ్ళందరికీ నిలబడే ఆతిథ్యం. ఎవరు ఏ గోడ పక్కన నిలబడాలో కూడా బావగారే చెప్పారు. వాచీల పెద్దాయనకి క్యాలెండర్ ముందు చోటు దొరికింది. కోట్లాయన వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు. వెనకే ప్యాంట్లాయన వచ్చి, టేబుల్ వైపు చూసి వెనక్కి తగ్గాడు.

"నేను నిలబడే తాగుతాను."

"మీరు నిలబడకూడదండీ. నిలబడితే సూప్ కాళ్ళలోకి దిగిపోతుంది," అని బావగారు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టేశారు.

అద్దె సూర్యుడు అప్పుడే హాల్లోకి వచ్చాడు. గాల్లో ఆవిరి బంగారు రంగుకి తిరిగింది. రెండు గిన్నెలు, నాలుగు నీడలు. కోట్లాయన ఓ చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. తన ముందున్న ఉప్పు సీసా అందుకుని వేసుకున్నాడు. ప్యాంట్లాయన ఓ చెంచా తాగాడు. ఆయన మొహం కూడా అలాగే అయింది. చుట్టూ వెతికాడు. హోటల్ మొత్తానికి ఉన్నది ఒకటే ఉప్పు సీసా. బావగారి వైపు చూశాడు. బావగారు సీలింగు పరీక్షిస్తున్నారు. అక్క వైపు చూశాడు. అక్క లేని దుమ్ము తుడుస్తోంది. వంటగది కిటికీ వైపు చూశాడు. తమ్ముడు ఊపిరి బిగబట్టి గిన్నె చాటున దాక్కున్నాడు.

ప్యాంట్లాయన సూప్‌లోకి చూస్తూ గొణిగాడు. "ఉప్పు."

"ఎవరిని అడుగుతున్నారో?" అన్నాడు కోట్లాయన, వీధి కిటికీలోంచి బయటికి చూస్తూ.

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ఉప్పు ఇలా ఇవ్వు, అన్నయ్యా."

సీసా టేబుల్ మీద జారుకుంటూ అటు వెళ్ళింది. ప్యాంట్లాయన రెండు దులుపులు దులిపి, మూడోది దులపబోయాడు.

"ఇంక చాలు. నీకు బీపీ."

"నాకు బీపీ అని నీకెవరు చెప్పారు?"

"అది ప్లైవుడ్డురా, కోట గోడ కాదు. నువ్వు డాక్టరుతో ఫోన్లో మాట్లాడేవన్నీ నాకు వినిపిస్తాయి."

"అంటే గోడకి చెవి ఆనించి వింటున్నావన్నమాట!"

"మరి నువ్వు పెట్టే పాటల గోలలో, చెవి ఆనిస్తే గానీ వినపడదుగా!"

"గోలా? నీ వార్తలేమో వీణానాదమా?"

ఇక మొదలైంది. ఏళ్ళ కిందట ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచి అందుకున్నారు. చరణం మధ్యలో మార్చింది ఎవరు, ముందు మాట తూలింది ఎవరు, చిన్నప్పుడు తడిలాగులోనే బడికి పంపింది ఎవరు. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి, గొంతులు పైకి లేచాయి. ఇద్దరి గిన్నెలూ ఖాళీ అయ్యాయి. ఇంకోసారి పోయించుకుని మరీ పోట్లాడుకున్నారు. నిలబడ్డవాళ్ళంతా, ఎక్కడ చప్పుడైతే ఆగిపోతారో అన్నట్టు, మెల్లమెల్లగా నమిలారు.

బావగారు కిటికీ దగ్గరికి వచ్చి, మొహం చేటంత చేసుకుని అన్నారు. "సూప్‌లో ఉప్పు తగ్గిందిరా."

"చంపేస్తాను బావా," అన్నాడు తమ్ముడు. అన్నాడే గానీ అతని తెల్ల మీసం కింద నవ్వు ఆగడంలేదు.

మర్నాడు ఫర్నిచర్ కొనేవాడు ఆఖరి టేబుల్ కోసం వస్తే, "అది అమ్మకానికి కాదు" అన్నారు బావగారు. అన్నదమ్ములిద్దరికీ కబురు పెట్టారు.

"ఇది మీ ఇద్దరికీ కలిపి ఇస్తున్నాను. గుడ్డ పరిచి కత్తిరించుకోవడానికి పనికొస్తుంది."

"ఇద్దరికీ కలిపి ఏంటి బావగారూ? సగానికి కోసివ్వండి," అన్నాడు ప్యాంట్లాయన.

"కోస్తే దానికి నొప్పెడుతుందండీ."

మోసుకెళ్ళారు. ముందు కోట్లాయన, వెనక ప్యాంట్లాయన, చెరో పక్కా బావగారూ తమ్ముడూ. ఖాళీ అయిన కొట్ల మీదుగా వెళ్తుంటే మూసిన తలుపుల మీద టేబుల్ నీడ ఓ పొడుగాటి పడవలా జారుతూ వచ్చింది. కొట్టు దగ్గర అసలు చిక్కొచ్చింది. అన్నగారి సగంలోకి పెడితే టేబుల్ ప్లైవుడ్డుకి తగులుతోంది. ప్యాంట్లాయన సగంలోకి పెట్టినా తగులుతోంది. ఏటవాలుగా తిప్పారు, నిలువుగా లేపారు, వెనక్కి లాగారు. ఉహూ. చెమటలు కక్కుకుంటూ టేబుల్‌ని వీధిలో దింపి నలుగురూ దాని చుట్టూ నిలబడ్డారు. కోట్లాయన ప్లైవుడ్డు వైపు చూశాడు. ప్యాంట్లాయన అన్నగారి వైపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాడు.

"అటు పట్టుకో, పైన పడుతుంది," అన్నాడు.

"తెలుసులే, నువ్వు విప్పు ముందు," అన్నాడు కోట్లాయన.

వంటాయన బావగారిని పక్కకి లాగాడు. "నిజం చెప్పు బావా. ఈ కొట్టు కొలత తీసుకునేగా ఈ టేబుల్ మిగిల్చావు?"

"నాకేం తెలుసురా? టైలర్లు వాళ్ళు. కొలతలు వాళ్ళకి తెలియాలి గానీ."

వానలు మొదలయ్యాయి. హోటల్ ఉన్న చోట రేకుల కంచె వెలిసింది. దాని వెనక ఏముందో చూడాలని బావగారు ఒక్కసారి కూడా ఆగలేదు. బస్టాపు వెనక చిన్న గది చూసుకున్నారు, వానలు తగ్గాక టీ కొట్టు పెడదామని. దానికి రంగులు మాట్లాడి వస్తూ ఓ సాయంత్రం బావగారూ తమ్ముడూ టైలర్ల కొట్టు ముందు చూరు కింద ఆగారు. సన్నగా చినుకులు. లోపలి దీపం వెలుగు తడి వీధి మీద పరుచుకుని ఉంది. లోపల నుంచి పాట సగం, వార్త సగం, మళ్ళీ పాట సగం వినిపిస్తున్నాయి. వాటి మీదుగా రెండు గొంతులు.

"ఇప్పుడే కదా తిప్పావు!"

"అందుకే మళ్ళీ తిప్పుతున్నా!"

తమ్ముడు తల తుడుచుకుంటూ అన్నాడు. "లోపలికి వెళ్దాం పద బావా. టీ అయినా ఇస్తారు, తడిసి ముద్దయ్యాం."

బావగారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"వద్దురా. మనం వెళ్తే మర్యాదకి పోట్లాట ఆపేస్తారు."